అటువైపు ఎవరు?

3 జూలై 2023, సోమవారం

ల్యాబులు రిపోర్టులు పంపే సర్వర్ ఇవాళ నా చేతికొచ్చింది. టామ్‌క్యాట్ 9, జావా 11. కాన్ఫిగ్ ఫైలు తెరిచి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయా.

8009 పోర్టు బయటికి తెరిచే ఉంది. ఏజేపీ అనే ప్రోటోకాల్‌ది. వెర్షన్ చూస్తే 9.0.31 కంటే పాతది. అంటే ఘోస్ట్‌క్యాట్ లోపం బయటపడిన 2020 ఫిబ్రవరి నుంచి ఇది ఇలాగే ఉందన్నమాట. అప్లికేషన్ లోపలి ఫైళ్లు ఎవరైనా చదువుకోగలిగేలా. కీస్టోర్ పాస్‌వర్డ్ "చేంజ్ ఇట్". మార్చుకోమని పేరులోనే ఉన్నా ఎవరూ మార్చలేదు. మేనేజర్ పేజీ ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనిపిస్తోంది.

ఇందులోంచి వెళ్లేవి షుగర్ రిపోర్టులే కాదు. హెచ్ఐవీ రిపోర్టులు కూడా. 2017 చట్టం ప్రకారం ఆ మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు.

ఏజేపీ తీసేశా. మేనేజర్‌ని లోపలి అడ్రసులకే పరిమితం చేశా. వెర్షన్ మార్చడానికి రాత్రి పదకొండైంది. ఇన్నాళ్లలో ఎవరైనా చూశారా? లాగ్‌లు అంత వెనక్కి లేవు.

5 జూలై, బుధవారం

కూకట్‌పల్లి ల్యాబ్‌కి వెళ్లా. మానిటర్ అంచున కాగితం, దాని మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్. అన్ని ల్యాబులకూ అదే. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలోంచి చదవొచ్చు.

ల్యాబుకో క్లయింట్ సర్టిఫికెట్ ఇద్దామన్నా. మేనేజర్ గారు, "పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోదామ్మా?" అన్నారు. మార్చిన మర్నాడు ఆ కాగితమూ మారుతుంది, అంతే. పాస్‌వర్డ్ ఎవరికో తెలుసని మాత్రమే సర్వర్‌కి తెలుస్తుంది. ఎవరికి అన్నది తెలియదు.

చివరికి ఒప్పుకున్నారు, కానీ "ఆప్షనల్" పెట్టమన్నారు. సర్టిఫికెట్ అడుగుతుంది, లేకపోయినా రానిస్తుంది. పాత లాగిన్ పేజీ కూడా ఉంచమన్నారు. ల్యాబులవాళ్లు గొడవ చేస్తారని భయం. సరే అన్నా. ప్రస్తుతానికి.

9 జూలై, ఆదివారం

లష్కర్ బోనాలు. అమ్మ తెల్లవారుజామునే బోనం సిద్ధం చేసింది. వీధంతా డప్పులు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మా సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే అథారిటీ) ఎలా ఉండాలో కాగితం మీద రాసుకున్నా.

రూట్ కీ నెట్‌వర్క్‌లో లేని మెషీన్లోనే. ట్రస్ట్‌స్టోర్లో మా సీఏ ఒక్కటే. బయటి సీఏలు ఒక్కటి కూడా వద్దు. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్‌లోకి చొరబడి గూగుల్ పేరుతో సర్టిఫికెట్ పుట్టించారు. దాంతో ఇరాన్‌లో జనం జీమెయిల్ మీద నిఘా పెట్టారు. కొన్ని వారాల్లో ఆ కంపెనీ దివాలా. మనం ఎవరిని నమ్ముతామో ఆ జాబితా ఎంత చిన్నదైతే నాకు అంత నిద్ర పడుతుంది.

14 జూలై, శుక్రవారం

హనుమకొండ ల్యాబ్‌కి 401 ఎర్రర్. హ్యాండ్‌షేక్ బాగానే అవుతోంది, లోపలికి మాత్రం రానివ్వట్లేదు. కొత్తగా చేరిన అమ్మాయి పొద్దుట్నుంచి దాంతోనే కుస్తీ పడుతోంది. "అక్కా, సర్టిఫికెట్ మంచిదే కదా, మరెందుకు?"

సర్టిఫికెట్ సబ్జెక్ట్ మొత్తాన్ని యూజర్ పేరుగా తీసుకుంటుంది టామ్‌క్యాట్. సర్టిఫికెట్లో ఊరి పేరు కొత్త స్పెల్లింగ్, యూజర్ల ఫైల్లో పాత స్పెల్లింగ్. అక్షరాల తేడా, అంతే. తనే పట్టుకుంది. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకూ హాయిగా అనిపించింది.

19 జూలై, బుధవారం

జనగామ. అక్కడి పీసీ మన సర్వర్నే నమ్మనంటోంది. సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదట. తేదీ చూడమంటే 2010 అన్నారు. బోర్డు మీద బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ పీసీ పదమూడేళ్లు వెనక్కి వెళ్లిపోతోంది. రిపోర్టుల మీద ఏ తేదీలు పడ్డాయో!

24 జూలై, సోమవారం

లాగ్ చూశా. సర్టిఫికెట్ ఇచ్చిన ల్యాబుల్లో చాలామంది ఇంకా పాత పేజీలోంచే వస్తున్నారు. అలవాటు. తప్పు వాళ్లది కాదు, పేజీ అక్కడ ఉంది కాబట్టి వస్తున్నారు.

"ఆప్షనల్" తీసేసి "రిక్వైర్డ్" పెడదామని మళ్లీ అడిగా. వచ్చే నెల చూద్దామన్నారు. నిరుడు నవంబర్లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయి డాక్టర్లు రోజుల తరబడి కాగితాల మీద రాసుకున్నారని గుర్తుచేశా. "మనం అంత పెద్దవాళ్లం కాదమ్మా." రోగికి తన రిపోర్టు చిన్నదా?

27 జూలై, గురువారం

వాన. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లట. మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పుల మీద. హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగింది. అక్కడి ల్యాబ్ సారు ఫోన్ ఎత్తట్లేదు. ఆయన ల్యాబ్ కింది అంతస్తులోనే.

సర్వర్ సంగతి ఇవాళ రాయబుద్ధి కావట్లేదు.

30 జూలై, ఆదివారం

సారే ఫోన్ చేశారు. గొంతు బొంగురుపోయింది. "అంత నీళ్లల్లనే మునిగిందమ్మా. మిషన్లు, ఫ్రిజ్, కిట్లు... మనుషులం మంచిగున్నం, గంతే."

ల్యాప్‌టాప్? మెకానిక్ చూసి లాభం లేదన్నాడట. పాత సామాన్లోళ్లకు ఇచ్చేశారట.

అడగక తప్పలేదు, హార్డ్‌డిస్క్ తీయించారా అని. లేదు. నీళ్లలో తడిసినంత మాత్రాన డిస్క్ చావదు. ప్రైవేట్ కీ అందులోనే ఉంది. సర్టిఫికెట్ రద్దు చేస్తున్నా సార్ అన్నా. కాసేపు మాట లేదు. "నా మీద నమ్మకం లేదా అమ్మా?"

మీ మీద ఉంది సార్, ఆ డిస్క్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో వాళ్ల మీద లేదు అన్నా. ఆయనకు అర్థమైందో లేదో. అన్నీ పోగొట్టుకున్న మనిషికి చెప్పాల్సిన మాటేనా ఇది? చెప్పకుండా ఎలా?

31 జూలై, సోమవారం

రద్దు చేశా. కారణం: కీ బయటపడింది. కొత్త సీఆర్ఎల్ (రద్దయిన సర్టిఫికెట్ల జాబితా) పెట్టి రీస్టార్ట్ చేసి, పరీక్షకని తీసుకున్న ఇంకో సర్టిఫికెట్‌ని కూడా రద్దు చేసి చూశా. తోసేసింది. సీఆర్ఎల్‌కీ గడువుంటుంది, అది దాటితే మంచి ల్యాబులన్నీ బయటే నిలబడతాయి. వారం వారం కొత్తది సంతకం చేసేలా పెట్టా.

బస్సులో తట్టింది. ఆ ల్యాప్‌టాప్ బ్రౌజర్లో పాస్‌వర్డ్ కూడా సేవ్ అయ్యే ఉంటుంది. పాత పేజీ తెరిచే ఉంది. అంతా చేసి ఏం లాభం?

దిగి మేనేజర్ గారికి ఫోన్ చేశా. పాస్‌వర్డ్ ఇప్పుడే మారుస్తున్నా, పేజీ మాత్రం ఆగస్టులోనే పోవాలి అన్నా. నా గొంతు పెద్దదైందేమో. ఆయన "ఊఁ" అన్నారు.

12 ఆగస్టు, శనివారం

డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి నిన్న ఆమోదం తెలిపారు. ఆఫీసులో అందరూ జరిమానాల గురించే. గరిష్ఠంగా 250 కోట్లు. మేనేజర్ గారు నా దగ్గరికొచ్చి, "నాకు కోట్లు కాదమ్మా, ఆ సామాన్ల కొట్టే కళ్లముందు కదులుతోంది" అన్నారు. బుధవారం "రిక్వైర్డ్" పెట్టడానికి అనుమతి ఇచ్చారు.

టీఎల్ఎస్ 1.0, 1.1 కూడా తీసేస్తున్నా. 2021లోనే వాటిని పక్కన పెట్టమని చెప్పేశారు. జనగామలో ఇంకా జావా 7. అందులో 1.2 ఉంది కానీ క్లయింట్ తనంతట తాను వాడదు. వాళ్లకి ముందే చెప్పా.

16 ఆగస్టు, బుధవారం

"రిక్వైర్డ్" పెట్టేశా. పాత లాగిన్ పేజీ తీసేశా. పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకాయన గట్టిగా అరిచారు. విన్నా, సర్టిఫికెట్ ఎలా పెట్టుకోవాలో చెప్పా, మళ్లీ విన్నా.

హనుమకొండ సారు కొత్త పీసీ కొన్నారు. కీ ఈసారి ఆయనే తయారుచేశారు, నేను ఫోన్లో ఒక్కో మెట్టూ చెబుతుంటే. నాకు వచ్చింది సంతకం కోసం రిక్వెస్టు మాత్రమే, కీ ఆయన దగ్గరే ఉంది. "మల్ల మిషన్ పోతే ముందుగాల నీకే చెప్త అమ్మా" అన్నారు. ఆయన మొదటి రిపోర్టు 3:40కి వచ్చింది. థైరాయిడ్.

సర్టిఫికెట్ లేని కనెక్షన్లు హ్యాండ్‌షేక్ దగ్గరే తెగిపోతున్నాయి. జనగామ ఇంకా ఎక్కలేదు. అక్కడివాళ్లు రిపోర్టులు కాగితం మీదే ఇస్తున్నారు. కొత్త జావా, కొత్త బ్యాటరీ తీసుకుని రేపు నేనే వెళ్తున్నా. ఒక్క ల్యాబ్ కోసం మళ్లీ "ఆప్షనల్" మాత్రం పెట్టను.