పావగడ బావి నుంచి నేత్రాణి దాకా

మడకశిర దాటిన తర్వాత బస్సు ఏ రాష్ట్రంలో పోతోందో రోడ్డు పక్క బోర్డులు చదివితేగానీ తెలియదు. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోదే, కానీ జిల్లాలోని మిగతా తాలూకాలతో దానికి పొలిమేర కలవదు. మధ్యలో ఆంధ్ర అడ్డం. మిగతా కర్ణాటకతో నేల కలిసేది చిత్రదుర్గ వైపే. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ.

నేను పోవాల్సింది పడమటి సముద్రానికి. మురుడేశ్వరం ఒడ్డు నుంచి సుమారు 19 కిలోమీటర్ల దూరంలో నేత్రాణి అనే దీవి ఉంది. కర్ణాటకలో స్కూబా డైవింగ్ అంటే ముందు చెప్పేది దాని పేరే. సంచిలో డైవింగ్ సిలిండర్‌ను వీపుకు కట్టుకునే నా సొంత హార్నెస్ ఉంది, ఇంకా ఎక్కడా కత్తెర పడనిది. దాన్ని ఒంటికి సరిచేసుకోవాలంటే వీపు వైపు చూసి చెప్పే మనిషి కావాలి. అందుకే ముందు నాగలమడికె దగ్గర చిన్నాయన ఊరికి బయల్దేరాను. ఆ చుట్టుపక్కల పిల్లలకు బెండ్లు కట్టి ఈత నేర్పినవాడు ఆయన. నీళ్ళలో ఏ కట్టు నిలుస్తుందో, ఏది జారుతుందో ఆయనకు తెలిసినట్టు నాకు తెలిసిన డైవర్లలో చాలామందికి తెలియదు.

పావగడలో దిగేసరికి కొండమీది కోట గోడల మీద ఎండ పడుతోంది. శనివారం కాబట్టి శనీశ్వరుడి గుడి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కణ్ణుంచి నాగలమడికె బస్సు. ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న ఆ ఊరి సుబ్రహ్మణ్యస్వామిని అంత్య సుబ్రహ్మణ్యుడంటారు. కుక్కేలో ఉన్నవాడు ఆది, ఘాటిలో ఉన్నవాడు మధ్య సుబ్రహ్మణ్యుడు. తిరుమణి, వళ్ళూరు వైపు పోతే సోలార్ పలకలు కనుచూపు మేరా పరుచుకుని ఉంటాయి. సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. వానలు లేక, బోర్లు ఎండి, సేద్యం గిట్టుబాటు కాని రైతులు ఆ నేలను కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేలు. ఇట్లాంటి సీమలో ఈత నేర్పే మనిషి ఉండటమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన కాలంలో ఇక్కడ ప్రతి తోటకూ ఓ పెద్ద బావి ఉండేది. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ బావులు ఎండాయి. మంచి వానలు పడిన ఏడు మాత్రం మళ్ళీ నిండుతాయి. నేను వెళ్ళినప్పుడు చిన్నాయన బావిలో నీళ్ళున్నాయి.

పంచలో మంచం మీద సామానంతా పరిచాను. రెండున్నర కిలోల స్టీలు పలక వీపుకు ఆనుతుంది. దాని పై గాడుల్లోంచి వచ్చి, భుజాల మీదుగా దిగి, కింది గాడుల్లోంచి దూరి, నడుం చుట్టూ తిరిగేదంతా ఒకే నైలాన్ పట్టీ. రెండంగుళాల వెడల్పు, నడుమ కుట్టు లేదు. అమెరికాలో ఫ్లోరిడా నీటిగుహల్లో దిగేవాళ్ళు రూపుదిద్దిన పద్ధతి ఇది. వాళ్ళలో బిల్ హోగార్త్ మెయిన్ పేరుమీదే ఈ కట్టును పిలుస్తారు. జాకెట్టులా కుట్టి అమ్మేవాటికి చిన్నది, పెద్దది అని సైజులుంటాయి. దీనికి సైజు లేదు. ఎవరి ఒళ్ళు వాళ్ళు కొలుచుకుని బిగించుకోవాల్సిందే. నాకు ఇది నచ్చడానికి కారణం కూడా అదే.

చిన్నాయన పట్టీని వేళ్ళతో నులిమి చూశాడు. ఆయన మొదట అడిగింది ధర కాదు.

"నీళ్ళల్లో ఇది ఒంటి చేత్తో ఊడొస్తాదా నాయనా?"

నడుం దగ్గరి బకిల్ ఒక్క వేలితో ఎత్తి చూపించాను. తల ఊపాడు. బెండుతాడు ముడి కూడా ఒక కొస లాగితే విడిపోయేటట్టే వేస్తారు. కిత్తనార బొంగు ఎండబెట్టి, ముక్కలు కోసి, తాడుకు గుచ్చి వీపున కట్టేవి బెండ్లు. ఈత పట్టుబడేకొద్దీ ఒక్కొక్క ముక్కా తీసేస్తారు.

"బెండు నడుముకు కడితే కాళ్ళు లేస్తాయి, మూతి మునుగుతాది. రొండు రెక్కల నడుమ ఉండల్ల. నీ రేకు ఇంగా పైకి జరగల్ల," అన్నాడు నా వీపు చూసి.

భుజం పట్టీలు కాస్త గాడుల్లోకి లాగి పలకను పైకి తెచ్చాను. దీనికో పరీక్ష ఉంది. చెయ్యి భుజం మీదుగా వెనక్కి పోనిస్తే పలక పై అంచు వేళ్ళకు తగలాలి. తగిలితే నీళ్ళలో సిలిండర్ వాల్వు కూడా అందుతుంది. అందకపోతే పలక కిందికి వేలాడుతున్నట్టు. అట్లాగని భుజాల దగ్గర బిగించేస్తే చేతులు బయటికి రావు. ఛాతీకీ పట్టీకీ మధ్య అరచెయ్యి సులువుగా దూరాలి. కొత్తవాళ్ళు బిగువుగా ఉంటేనే భద్రమనుకుంటారు. నీళ్ళలో ఈ కట్టును ఒంటికి బిగించి ఉంచేది నడుం పట్టీ. భుజాలవి పలకను దాని చోట నిలపడానికే.

తర్వాత డీ రింగులు. భుజం పట్టీల మీదివి కాలర్ ఎముకకు కాస్త కిందగా, ఎదుటి చెయ్యి చూడకుండానే పట్టుకునేంత ఎత్తులో. ఎడమ తుంటి మీద ఇంకొకటి, గాలి మీటరు తగిలించడానికి. కళ్ళు మూసుకుని చెయ్యి వేస్తే నేరుగా రింగు మీద పడేదాకా, రింగులను పట్టి ఉంచే స్టాపర్లను జరుపుతూ పోయాను. నడుం బకిల్ నడిమధ్యలో కాక కాస్త పక్కకు వచ్చేటట్టు సర్దాను. పలక కింది నుంచి కాళ్ళ మధ్యగా వచ్చే గోచి పట్టీ నడుం పట్టీని పట్టుకునేది ఆ మధ్యలోనే కాబట్టి, దాని లాగుడుకు బకిల్ తెరుచుకోకూడదు.

సాయంత్రం బావిలో దిగాను. సిలిండర్ లేదు. పలక వెనక ఉండే గాలి తిత్తిని నోటితో ఊదుకున్నాను. నా రెక్కల కింద మోకు కట్టి రెండో కొస చిన్నాయన పట్టుకున్నాడు. మొదట గోచి పట్టీ వదులుగా వదిలేయమన్నాడు, ఏమవుతుందో చూద్దామని. తిత్తి పైకి తేలింది, నా ఒళ్ళు కిందికి దిగింది, పలక మెడ దాకా పాకింది, భుజం పట్టీలు చెవుల పక్కకు లేచాయి. మెట్టు మీదికొచ్చి గోచి పట్టీ రెండంగుళాలు బిగించి మళ్ళీ దిగితే పలక వీపును అంటుకుని కదల్లేదు. పంచలో నిలబడి ఎంత సర్దినా ఈ సంగతి బయటపడదు.

పట్టీల కొసలు జానెడు, జానెడున్నర వేలాడుతున్నాయి. కత్తెర తెస్తానంటే చిన్నాయన ఒప్పుకోలేదు. "నువ్వు దిగేది ఈ బావిలో కాదు గదా. ఆడ దిగినాక కోసుకో. తాడు నీళ్ళల్లో బిగుసుకుంటాది, ఇది ఏం జేస్తాదో నీకే తెల్లదు."

ఆయన మాటలో లెక్క ఉంది. నూలు తాడు తడిస్తే ఉబ్బి, పొడవు తగ్గి, ఛాతీని నొక్కుతుంది. అందుకే బెండు కట్టేటప్పుడు రెండు వేళ్ళ సందు వదులుతారు. నైలాన్ తడిస్తే కుంచించుకోదు, కొద్దిగా సాగుతుంది. దానికి తోడు వెట్‌సూట్. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. సూటులోని గాలి బుడగలు అణిగిపోయి అది పలచబడుతుంది, నడుం దగ్గర పట్టీ వదులవుతుంది. మళ్ళీ లాగి బిగించుకోవడానికి కొస మిగలాలి.

మర్నాడు పావగడలో సైకిల్ పంక్చర్ షాపతను పాత ట్యూబు ఒకటి ఇచ్చాడు. దాన్ని అడ్డంగా రింగులు రింగులుగా కోసి, వేలాడే కొసలను మడిచి వాటికింద దోపాను. ఇది ప్రపంచమంతటా డైవర్లు చేసే పనే. ఆ ట్యూబు ముక్కలకు సాటి వచ్చే ఖరీదైన సామాను నేను ఇంతవరకు చూడలేదు.

చల్లకెరె, చిత్రదుర్గ, శివమొగ్గ. సాగర దాటాక జోగ్ పక్కగా గేరుసొప్ప ఘాట్ దిగుతుంటే చెట్లు రోడ్డు మీద కప్పు కట్టాయి. పావగడ గుండ్లూ తుమ్మచెట్లూ చూసిన కంటికి ఆ పచ్చదనం తట్టుకోవడం కష్టం. హొన్నావర నుంచి మురుడేశ్వరానికి ఎంతో దూరం లేదు. 123 అడుగుల శివుడు ముందే కనిపిస్తాడు.

పొద్దున పడవ. దీవి దగ్గర లంగరు వేశాక డైవింగ్ గురువుగారు నా కట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. నీళ్ళలో పడగానే పలక నిలిచింది. లోతుకు దిగుతుండగా అనుకున్నట్టే నడుం పట్టీ వదులై, సిలిండర్ కుడివైపుకు ఒరిగింది. ట్యూబు రింగులోంచి కొస లాగి బిగించాను, సర్దుకుంది. ఆ తర్వాత కట్టు సంగతే మరిచిపోయాను. రాళ్ళ సందున చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే ఆ చప్పుడు వినబడుతోంది. పైకి వచ్చాక గురువుగారు నీళ్ళ మీదే హార్నెస్ విప్పి మళ్ళీ తొడుక్కోమన్నారు. ఎడమ చెయ్యి తేలిగ్గా వచ్చింది. కుడి భుజం దగ్గర మాత్రం రింగు సూటుకు పట్టుకుంది. పడవ మీదే దాన్ని అరంగుళం కిందికి దింపి రెండోసారి దిగాను, ఈసారి రెండు చేతులూ అడ్డు లేకుండా వచ్చాయి.

కత్తెర పట్టింది ఆ రాత్రి లాడ్జిలో. నడుం పట్టీకి బకిల్ దాటి ఆరంగుళాలు వదిలి, బకిల్‌లోకి సులువుగా దూరేటట్టు ఏటవాలుగా కోశాను. కోసిన అంచును లైటర్ మంటకు చూపిస్తే పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. చల్లారాక వేలితో రాస్తే గరుకు లేదు. గోచి పట్టీ జోలికి పోలేదు. చలి నీళ్ళలో మందం సూటు వేసుకుంటే ఆ రెండంగుళాలు మళ్ళీ వదలాల్సి వస్తుంది.