ఇల్లెక్కడ, పడకెక్కడ?

హైదరాబాద్‌లో పిల్లల మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘కుదురుగా కూర్చోడు’, ‘ఊరికే చిరాకు పడతాడు’, ‘చదివింది గుర్తుండదు’, ‘బడి అనగానే కడుపునొప్పి అంటుంది’. ఆ మాటలు వినగానే ఏదో ఒక జబ్బు పేరు రాసెయ్యడం తేలికే. నేను మాత్రం ముందు రెండు సంగతులు అడుగుతాను. మీ ఇల్లు ఎక్కడ? బిడ్డ పడుకునేది ఎక్కడ?

బాలానగర్ వైపు నుంచి ఒక తొమ్మిదేళ్ల బాబును తీసుకొచ్చారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఏమో చూపించమని బడివాళ్లు పంపారు. “ఒక్క నిమిషం ఒక్క కాడ కూసోడు సార్. కొట్టినా ఇనడు” అంది తల్లి. ఆమె మాట్లాడుతున్నంతసేపూ బాబు అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి తోసుకుంటూనే ఉన్నాడు. అలా తోసి తోసి ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడింది. కళ్ల కింద నలుపు. నోటితోనే ఊపిరి. రాత్రి గురక పెడతాడా అని అడిగాను. “వాళ్ల నాయిన కంటె ఎక్కువ సార్” అంది.

ఇల్లు మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తు. బాబు మంచం కిటికీ పక్కనే. రాత్రి పొద్దుపోయాక లారీలన్నీ ఆ కిటికీ కిందుగానే పోతాయి. తెరిస్తే దుమ్ము, హారన్లు. మూస్తే ఉక్క, దోమలు. అందుకని మంచం కింద దోమల కాయిల్. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సూక్ష్మ ధూళి వస్తుందని పరిశోధకులు లెక్కగట్టారు. మూసిన గదిలో ఆ పొగ పీలుస్తూ, అలర్జీతో బిగుసుకుపోయిన ముక్కుతో, హారన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ ఆ బాబు రాత్రంతా గడుపుతున్నాడు.

నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు కునుకుతారు. పిల్లలు చాలామంది దానికి విరుద్ధంగా గెంతుతారు, గొడవపడతారు, ఒక పని మీద నిలవలేరు. బయటికి అది అచ్చం ఏడీహెచ్‌డీలాగే కనబడుతుంది. బాబును ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచి ఉన్నాయి. ముక్కులో కొట్టుకునే స్ప్రే మొదలుపెట్టాం. మంచం వెనక గదిలోకి మార్చారు. కాయిల్ మానేసి దోమతెర కట్టారు. చీపురుతో దుమ్ము లేపకుండా తడిబట్టతో తుడవడం అలవాటు చేసుకున్నారు. అర్ధసంవత్సర పరీక్షల నాటికి టీచరు ఫిర్యాదులు బాగా తగ్గాయి. అందరికీ ఇలాగే నయమవుతుందని చెప్పను. ఏడీహెచ్‌డీ నిజంగానే ఉన్న పిల్లలుంటారు, వాళ్లలో చాలామందికి మందులు అవసరం. కానీ ఆ మాట అనేముందు పిల్లవాడి రాత్రి ఎలా గడుస్తోందో తెలుసుకోవాలి.

చప్పుడు చదువును ఎలా దెబ్బతీస్తుందో న్యూయార్క్‌లో ఒక బడి చూపించింది. దాని పక్కనే రైలు వంతెన ఉంది. ఆ వైపు తరగతుల పిల్లలు చదవడంలో అవతలివైపు వాళ్లకంటే దాదాపు ఒక ఏడాది దాకా వెనకబడ్డారని 1975లో ఆర్లిన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ పరిశోధకురాలు తేల్చారు. తర్వాత పట్టాల కింద రబ్బరు దిమ్మెలు వేసి, గదుల పైకప్పులకు చప్పుడును పీల్చే పలకలు బిగించారు. ఆ తేడా పోయింది. లోపం పిల్లల్లో లేదని దీన్ని మించిన రుజువు అక్కర్లేదు.

గాలి సంగతీ అంతే. బార్సిలోనాలో 39 బడుల పిల్లలను ఏడాదిపాటు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ట్రాఫిక్ కాలుష్యం ఎక్కువున్న బడుల్లో పిల్లల జ్ఞాపకశక్తి ఎదుగుదల నెమ్మదిగా ఉంది. పీఎం 2.5 అనే అతి సన్నటి ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశపు పరిమితి 40.

ఇంకో బిడ్డకు నాలుగేళ్లు. బాగా మాట్లాడే పిల్ల మాటలు తగ్గించేసింది, ఎవరు ఎత్తుకున్నా రక్కుతోంది, గోడ సున్నం గీరి తింటోంది. తండ్రిది పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో పని. సాయంత్రం అదే చొక్కాతో ఇంటికొచ్చి కూతుర్ని ఎత్తుకుంటాడు. రక్తపరీక్షలో సీసం చాలా ఎక్కువగా ఉంది. మన దేశంలో 2000 నాటికి పెట్రోలులో సీసం కలపడం ఆపేశారు గానీ బ్యాటరీల్లో, పాత రంగుల్లో అది ఇంకా మన మధ్యే ఉంది. పిల్లల మెదడుకు ఇంత సీసమైతే ఫర్వాలేదనే హద్దు ఏదీ లేదు. రక్తహీనత ఉన్న పిల్లల ఒంట్లోకి అది మరింతగా ఎక్కుతుంది. అందుకే ఐరన్ మందు ఇచ్చాం. తండ్రి షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావడం మొదలుపెట్టాడు. సీసం తగ్గింది, చిరాకూ తగ్గింది. మాటలు మాత్రం ఇంకా వెనకబడే ఉన్నాయి. సీసం చేసిన నష్టం పూర్తిగా పూడదు.

డబ్బున్న ఇళ్ల పిల్లలకూ నగరపు బాధ తప్పలేదు. పదహారో అంతస్తులో ఉండే ఎనిమిదో తరగతి అమ్మాయికి పొద్దున్నే కడుపునొప్పి, వైద్య పరీక్షలన్నీ మామూలే. బస్సులో గంటన్నర, ట్యూషను, ఫోను. మట్టిలో కాలు పెట్టే వేళే లేదు. డెన్మార్క్‌లో తొమ్మిది లక్షలమందికి పైగా జనం పెరిగిన తీరును పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. చుట్టూ పచ్చదనం అతి తక్కువగా ఉన్నచోట పెరిగినవారికి మానసిక సమస్యల ముప్పు 55 శాతం దాకా ఎక్కువ. ఆ అమ్మాయికి కౌన్సెలింగ్‌తోపాటు నేను చెప్పింది ఒక ట్యూషను మాన్పించి, రోజూ సాయంత్రం నానమ్మతో పార్కుకు పంపమని.

తల్లి మంచం జరపగలదు, రోడ్డును జరపలేదు. బడికి నూరు మీటర్ల లోపల నిశ్శబ్ద మండలమని, ఇళ్లున్న చోట రాత్రి చప్పుడు 45 డెసిబెల్స్ మించకూడదని 2000లోనే నిబంధనలు వచ్చాయి. వాటిని అమలు చేయించాలి. పెద్ద రోడ్ల పక్కన బడులకు అనుమతులు ఆపాలి. పిల్లలు నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో ప్రతి కాలనీకీ ఆటస్థలం ఉండాలి. వచ్చే కాలనీ సంఘం సమావేశంలో పార్కింగ్ గురించి అడిగినంత గట్టిగా వీటి గురించి అడగండి.