మట్టికుండలోని క్రయపత్రం



"అయ్యగారూ, ఎకరం చవకగా వస్తోంది, ప్రార్థన చేయండి" అని మా సంఘస్థులు వస్తుంటారు. ఒక చిన్న ఇల్లు, ఒక పాడిగేదె, నాలుగు మునగచెట్లు - మంచి కోరికే. ప్రార్థన చేసి, "కాగితాలు చూశారా?" అని అడుగుతాను.

అది అవిశ్వాసం కాదు. యిర్మీయా అనాతోతులోని పొలాన్ని 17 తులముల వెండికి కొన్నాడు. అమ్మినవాడు సొంత బంధువే. అయినా సాక్షులను పిలిచి, వెండి తూచి, ముద్రవేసిన క్రయపత్రాన్ని మట్టికుండలో దాచమన్నాడు (యిర్మీయా 32).

చెవికమ్మలు తాకట్టుపెట్టి బయానా ఇవ్వబోయిన ఒక సహోదరిని నేను ఆపవలసి వచ్చింది. అది ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి. అలాంటి భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కొంత సడలింపు వచ్చినా, తహశీల్దారు కార్యాలయంలో విచారించనిదే పైకం ఇవ్వకండి. ఇ.సి. తీయించండి. బావిని మండు వేసవిలో చూడండి. బండిదారి ఎవరిదో అడగండి.

మరొక మాట. బిడ్డ వైద్యానికో, అప్పుల బాధకో అమ్ముకునేవాని అవసరాన్ని చూసి ధర తగ్గించవద్దు. మక్పేలా పొలాన్ని ఊరకే ఇస్తామన్నా అబ్రాహాము 400 తులముల వెండి తూచి ఇచ్చాడు (ఆదికాండము 23). అమ్మినవాడు కూడా సంతోషంగా మీ గడప తొక్కగలగాలి.

దేవుడు మీ గృహాలను దీవించును గాక! ఆమేన్.