గ్రంథాలయంలో వెలసిన చరిత్ర

2023 వేసవిలో మా అమ్మాయి ఇంటికి అమెరికా వెళ్ళినప్పుడు, మేము సతీసమేతంగా వాషింగ్టన్ నగరంలో ఒక పాలరాతి భవనాన్ని దర్శించాము. శ్వేతసౌధమును చూడవచ్చిన యాత్రికులు సామాన్యంగా దీనిని పట్టించుకొనరు. మౌంట్ వెర్నన్ స్క్వేర్‌లో ఉన్న ఈ భవనం ఒకప్పుడు నగర కేంద్ర గ్రంథాలయం. నేడు దీని పై అంతస్తున నగర చరిత్ర కేంద్రం ఉన్నది. క్రింద ఆపిల్ కంపెనీవారి దుకాణం. సరస్వతి మేడ యెక్కగా లక్ష్మి వాకిట కూర్చున్నదని మా శ్రీమతి నవ్వినది.

ఆండ్రూ కార్నెగీ విరాళంతో నిర్మితమైన ఈ గ్రంథాలయమును 1903 జనవరిలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ సమక్షమున ప్రారంభించారు. తెల్లవారికి, నల్లజాతివారికి బడులు సైతం వేరుగా ఉండిన దినములవి. అయినను ఈ ద్వారము మొదటినుండియు ఉభయులకును తెరచియే ఉన్నది. నగర మధ్యమున నల్లజాతివారు వాడుకొనదగిన మరుగుదొడ్లు గల కొద్ది చోట్లలో ఇదియు ఒకటి అని తెలిసి కొంతసేపు నిలిచిపోయాము. గ్రంథాలయ గౌరవమును పుస్తకాల సంఖ్యతోనే కొలిచే మా బుద్ధికి అదొక పాఠం.

1972లో కేంద్ర గ్రంథాలయం మార్టిన్ లూథర్ కింగ్ పేరిట నిర్మించిన క్రొత్త భవనానికి తరలిపోయినది. 2003లో ఈ పాత భవనమున నగర మ్యూజియం వెలసి, రెండేండ్లు నిండకముందే మూతపడినది. చూడవచ్చేవారును చాలలేదు, ధనమును చాలలేదు. 1894లో స్థాపితమైన అక్కడి చరిత్ర సంఘమువారు మాత్రం పట్టు విడువక, 2019లో మరల తలుపులు తెరిచారు.

పాత ఛాయాచిత్రములు చూస్తుండగా మా మనసు మా ఊరి పఠనమందిరం మీదికి పోయినది. అక్కడ ఒక బల్లపై తెలుగు పత్రికలు, మరొక బల్లపై ఉర్దూ పత్రికలు ఉండేవి. నిజాం కాలమున చదువుకున్న మా తాతగారు ముందుగా ఉర్దూ బల్ల వద్దకే పోయేవారు. ఆ మందిరం ఎప్పుడో మూతపడినది. పుస్తకములు ఏమైనవో చెప్పగలవారు లేరు. తాతగారి ఉర్దూ ఉత్తరాల కట్ట మాత్రం మా ఇంట ఇనుపపెట్టెలో మిగిలినది. ఇన్నేండ్లు తెలుగు బోధించిన మేము అందులో ఒక్క పంక్తియు చదువలేము.

తిరిగి వచ్చిన పిమ్మట ఆ కట్టను కళాశాలకు తెచ్చి, ఉర్దూ శాఖలోని మిత్రునిచేత చదివించుకున్నాము. మొదటి ఉత్తరమున ఘనకార్యము లేవియు లేవు. వానలు ఆలస్యమైన సంగతి, ఎద్దు ధర, పసివాడైన మా నాన్నగారి జ్వరం – అంతే. వింటూ మేము కన్నీరాపుకొనలేకపోయాము.

విద్యార్థులారా! మీ ఇండ్లలోను ఇట్టి కట్టలు ఉండవచ్చును. చదివి చెప్పగల పెద్దలు ఉండగానే వాటిని వెలికి తీయండి. తెలుగు లిపి రానివారికి తెలుగువారు, ఉర్దూ లిపి రానివారికి ఉర్దూవారు చదివిపెట్టగల భాగ్యం మన కళాశాలకున్నది. గ్రంథాలయమున ఒక్క బీరువా ఇందుకై కేటాయించవలసినదిగా కమిటీవారికి మనవి చేస్తున్నాము. అందులో మొదటి కట్ట మాది.