పిల్లికి బిచ్చం ఎంత?

పిసినారిని గురించి చెప్పాలంటే మనవాళ్ళు "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఈ మాట నా మీదే పడుతోంది. నా విషయంలో ఇది సామెత కూడా కాదు, నిజంగా పిల్లి ఉంది, నిజంగా దాని గిన్నెలో ఎంత వెయ్యాలో తూచేది నేనే. ఎదిగిన పిల్లికి రోజుకి ఎంత తిండి పెట్టాలి? ఇంత చిన్న ప్రశ్నకి మా ఇంట్లో ఐదుగురం ఐదు జవాబులు చెప్పాం. ఆ గొడవ గురించే ఈ వ్యాసం.

మాది కుందలహళ్ళి. నాన్నవాళ్ళది కోలారు వైపు కన్నడ కుటుంబం, అమ్మది మదనపల్లె. ఇంట్లో అజ్జితో కన్నడం, అమ్మతో తెలుగు, తమ్ముడితో రెండూ కలిసిన ఇంకో భాష. పిల్లికి కూడా రెండు పేర్లు. అమ్మకి అది చిట్టి, అజ్జికి పుట్టి. ఏ పేరు పెట్టి పిలిచినా తోక పైకెత్తుకుని వచ్చేస్తుంది. చిట్టికి ఒక భోజనం, పుట్టికి ఒక భోజనం, రెండూ వెళ్ళేది ఒకే కడుపులోకి. నాటు పిల్లి, ఆడది, ఆరేళ్ళుంటాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మూడో అంతస్తులో మా ఇల్లు దాటి బయటికి పోదు. ఎలుకని టీవీలో తప్ప చూసి ఉండదు.

దీపావళి అయ్యాక టీకా కోసం తీసుకెళ్తే డాక్టరుగారు త్రాసు మీద కూర్చోబెట్టారు. 5.8 కిలోలు. దీని ఒళ్ళుకి 4.5 ఉంటే చాలు అన్నారు. అంకె కన్నా ఆవిడ చూపించిన పరీక్ష నాకు బాగా గుర్తుండిపోయింది. మీరూ చెయ్యొచ్చు. చెయ్యి చాపి, మణికట్టు నుంచి వేళ్ళ దాకా పోయే ఎముకల్ని చేతి వెనక వైపు తడిమి చూడండి, సన్నటి పొర కింద ఎముకలు తెలుస్తాయి. పిల్లి పక్కటెముకలు తడిమితే అట్లా తెలియాలి. పిడికిలి బిగించినప్పుడు కణుపులు పొడుచుకొచ్చినట్టు తగిలితే మరీ బక్కగా ఉన్నట్టు. అరచేతిలో తడిమినట్టు మెత్తగా ఉండి ఎముక దొరక్కపోతే లావు ఎక్కినట్టు. మా చిట్టి పక్కన చెయ్యి వేస్తే అచ్చం అరచేయే. పైనుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి నొక్కు కనపడాలంట. మాదానికి నడుమే లేదు.

లావుంటే ఏమైంది, ముద్దుగా ఉంది కదా అన్నాడు తమ్ముడు. లావు పిల్లులకి షుగరు వచ్చే అవకాశం ఎక్కువ, కీళ్ళ నొప్పులు ఎక్కువ. తన ఒళ్ళు తానే నాక్కుని శుభ్రం చేసుకునే జంతువు, లావెక్కితే వెనక భాగం అందదు. షుగరు అనే మాట వినగానే మా ఇంట్లో అందరూ సైలెంట్ అయిపోయారు, ఎందుకో తర్వాత చెప్తాను.

ముందుగా అది నిజంగా ఎంత తింటోందో వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో రాశాను. ఎవరు ఏం పెట్టినా రాయాలి, అదొక్కటే రూలు. లెక్క చూస్తే, గిన్నెలో ఎప్పుడూ నిండుగా ఉండే ప్యాకెట్ గింజలు రోజుకి 60 గ్రాములు పోతున్నాయి. మా ప్యాకెట్ మీద 100 గ్రాములకి 360 కేలరీలని ఉంది, అంటే ఇవే 216. నాన్న పెట్టే ఉడికించిన చికెన్ 50 గ్రాములు, 80 పైచిలుకు. అజ్జి పొద్దున, సాయంత్రం పోసే పాలు దాదాపు 90. అమ్మ తన కంచం లోంచి తీసి పెట్టే పెరుగన్నం ఇంకో 40. అన్నీ కలిపితే 430 దాకా. వీళ్ళలో ఎవరి వాటా చూసినా కొంచెమే. ఎవరూ ఎక్కువ పెట్టలేదు, కానీ పిల్లి ఎక్కువ తింది.

మరి ఎంత కావాలి? దీనికి పశువైద్యులు వాడే లెక్క ఒకటుంది. మనం ఆర్ట్స్ వాళ్ళం కాబట్టి మామూలు కాలిక్యులేటర్‌తో చేసే దారి చెప్తాను. పిల్లి ఉండాల్సిన బరువుని మూడుసార్లు గుణించండి. 4.5 ఇంటూ 4.5 ఇంటూ 4.5 అంటే 91 చిల్లర. దానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి, 3.09 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 216. ఏ పనీ చెయ్యకుండా పడుకుని ఉన్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒళ్ళు వెచ్చగా ఉండడానికి రోజుకి అన్ని కేలరీలు కావాలన్నమాట. ఆపరేషన్ అయిన ఎదిగిన పిల్లికి దీన్ని 1.2తో, కాని పిల్లికి 1.4తో గుణిస్తారు. మాది బరువు తగ్గాల్సింది కాబట్టి 216 దగ్గరే మొదలుపెట్టమన్నారు డాక్టరుగారు. అంటే అప్పటిదాకా తింటున్న దాంట్లో సగం. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే, తర్వాత రెండు వారాలకోసారి తూచి, పక్కటెముకలు తడిమి, పెంచడమో తగ్గించడమో చెయ్యాలి.

సగమా అని భయపడి కొందరు, అయితే రెండ్రోజులు పస్తు పెడితే సరిపోతుంది కదా అని ఇంకొందరు అంటారు. పిల్లి విషయంలో ఆ రెండోది ప్రమాదం. లావు పిల్లి ఉన్నట్టుండి తినడం మానేస్తే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయంలోకి చేరిపోతుంది. కాలేయం దాన్ని మొయ్యలేదు. రెండు మూడు రోజుల పస్తుకే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మేము రెండు వారాల్లో మెల్లమెల్లగా 216కి దించాం. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే చాలు, మాదానికి అది 50, 60 గ్రాములు. కొలత అంటే తగ్గించడం ఒక్కటే అనుకుంటాం గానీ, ఇంతకన్నా తగ్గకూడదు అనే గీత కూడా కొలతలోనే ఉంటుంది.

ఇంకో సంగతి, పిల్లి చిన్న సైజు మనిషి కాదు. దానికి మాంసం లేకుండా జరగదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్ళు తనకి సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తక్కువైతే కంటి చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండెజబ్బుకి టారిన్ లోపమే కారణమని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లో కనిపెట్టారు. ఆ తర్వాతే ప్యాకెట్ తిండిలో టారిన్ పెంచడం మొదలైంది. అంటే ఒక్క పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ పిల్లికి జరగదు. తీపి రుచి కూడా దానికి తెలీదు, ఆ రుచిని పట్టుకునే జన్యువు పిల్లుల్లో పని చెయ్యదు. మా అజ్జి మైసూర్‌పాక్ కోసం చిట్టి ఎగబడేది నెయ్యి వాసనకే. ఉల్లి, వెల్లుల్లి అయితే దానికి విషమే, మన కూర ముక్క కడిగి పెట్టినా మంచిది కాదు.

ఇక పాలు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అని తెలుగులో ఉంది, కన్నడంలోనూ ఉంది. రెండు భాషలూ కలిసి పిల్లికి పాలే రాసిపెట్టాయి. కానీ ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, కడుపు పాడవుతుంది. పిల్లి, పాలు అనగానే తెనాలి రామకృష్ణుడి కథ గుర్తొస్తుంది, అది మా ఇంట్లో రెండు భాషల్లోనూ విన్నదే. రాయలవారు ఎలుకల బాధ పోవాలని ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకి ఒక ఆవుని ఇస్తాడు. అందరి పిల్లులూ బలుస్తాయి. రామకృష్ణుడు మాత్రం మొదటిరోజే కాగే పాలు పెట్టి మూతి కాలేలా చేస్తాడు, అది మళ్ళీ పాల గిన్నె చూస్తే పరుగే. చిన్నప్పుడు ఆ బక్క పిల్లిని చూసి జాలిపడేదాన్ని. ఇప్పుడు మిగతా ఇళ్ళ పిల్లుల మీద నాకో అనుమానం. కడుపునిండా పాలు తాగి పడుకున్న ఆ పిల్లులు ఎన్ని ఎలుకల్ని పట్టి ఉంటాయి? కథలో ఆ సంగతి ఎవరూ అడగరు. ఎవరి పిల్లి ఎంత బలిసిందనేదే పోటీ.

ఎందుకంటే మన దగ్గర పెట్టడం అంటే కొలవకుండా పెట్టడమే. కుందలహళ్ళిలో ఏ ఆంధ్రా మెస్ ముందు చూసినా "అన్‌లిమిటెడ్" అని బోర్డు. ఊరు వదిలి ఉద్యోగానికి వచ్చిన వాళ్ళకి ఆ మాటలో అమ్మ కనిపిస్తుంది. కొసరి కొసరి వడ్డిస్తేనే ప్రేమ, ముద్దలు లెక్కపెడితే అవమానం. కన్నడం వైపు కూడా అంతే, ఎవరు కనపడినా మొదటి ప్రశ్న "ఊట ఆయ్తా". అట్లాంటి ఇంట్లో నేను త్రాసు తెచ్చి పెట్టాను. అజ్జి ఒకటే మాట అంది. "నానేను కైకట్టి కూత్కోబేకా?" నేనేమన్నా చేతులు కట్టుకుని కూర్చోవాలా అని.

ఆ మాట నన్ను వదల్లేదు. 2023 మార్చిలో మా వైపు మెట్రో వచ్చాక అమ్మ కూడా దూరంగా ఉన్న ఉద్యోగంలో చేరింది. పొద్దున ఎనిమిదికల్లా నలుగురం వెళ్ళిపోతాం. సాయంత్రం దాకా ఇంట్లో అజ్జి, పిల్లి. ఒకప్పుడు పదిమందికి వండి వడ్డించిన మనిషికి ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క కడుపే. ఆవిడ పాలు పోసేది ఆకలి చూసి కాదు, తన దగ్గరికి ఒకరు అడుక్కుంటూ వస్తున్నారని.

దారి పిల్లి స్వభావంలోనే దొరికింది. పిల్లి మనలాగా మూడు పూటలు తినే జంతువు కాదు. ఒక ఎలుకలో ఉండేది సుమారు 30 కేలరీలు. బయట బతికే పిల్లి రోజంతా అట్లా చిన్న చిన్న వేటలు చేస్తూ చాలాసార్లు కొంచెం కొంచెం తింటుంది. అంటే ఎన్నిసార్లు పెట్టామన్నది సమస్యే కాదు, మొత్తం ఎంతైందన్నదే లెక్క. అజ్జి "ఇన్నూ స్వల్ప" అనడంలో తప్పేం లేదు, పిల్లికి కావాల్సింది కూడా అదే. ఇప్పుడు పొద్దున నేను 54 గ్రాముల గింజలు, 13 గ్రాముల ఉప్పులేని చికెన్ తూచి ఒక స్టీలు డబ్బాలో పెడతాను. అంతా కలిపి 215. పక్కన పెట్టే తాయిలాలు మొత్తంలో పదో వంతు దాటకూడదు కాబట్టి చికెన్ అంతే. గిన్నెల్లో నీళ్ళు రెండు చోట్ల. ఆ డబ్బా అజ్జి చేతికే ఇస్తాను. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏ పేరుతో పిలిచి పెట్టాలన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. ఇంకెవరూ పెట్టకూడదు, నాన్న కూడా. రాత్రికి డబ్బా ఖాళీ అవ్వాలి. పిల్లి రోజంతా ఏమీ ముట్టకపోతే ముందు తెలిసేది కూడా అజ్జికే.

డబ్బా వచ్చిన వారానికి అజ్జి నవ్వుతూనే అంది. "ననగూ అళతె, అదక్కూ అళతె. ఆదరె అదర డబ్బి నన్న కైలి, నన్న డబ్బి నిమ్మ కైలి." నాకూ కొలతే, దానికీ కొలతే, కానీ దాని డబ్బా నా చేతిలో, నా డబ్బా మీ చేతుల్లో అని. అజ్జికి పదేళ్ళుగా షుగరు. రెండు రాగిముద్దలు ఒకటయ్యాయి, కాఫీలో చక్కెర పోయింది, పండగ పాయసం చెంచా అయింది. ప్రతిదీ రిపోర్టు చూసి నాన్న, అమ్మ హాల్లో కూర్చుని నిర్ణయించింది. అజ్జి వంటింట్లోంచి వినేది. పిల్లికి నోరు లేదు కాబట్టి దాని బదులు మనం నిర్ణయించాలి. అజ్జికి నోరుంది, రెండు భాషలుగా ఉంది.

ఆ మాట విని అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాతి చెకప్‌కి డాక్టరు ఎదురు కుర్చీలో అజ్జినే కూర్చోబెట్టింది. ఎంత తినొచ్చో అజ్జే అడిగింది, ఏది వదులుకోవాలో అజ్జే చెప్పింది. రాత్రి అన్నం వదిలేస్తుందంట, మధ్యాహ్నం రెండో ముద్ద మాత్రం తనకి తిరిగి కావాలంట. లెక్క చూసి ఒకటిన్నర ముద్దకి ఒప్పుకున్నారు. కొలత అట్లానే ఉంది, కొలిచే చెయ్యి మారింది. అజ్జి కాఫీ గురించి గొణగడం కూడా తగ్గింది.

శివరాత్రికి చిట్టి 5.1 కిలోలు. ఇంకా 600 గ్రాములు పోవాలి. పక్కటెముకలు ఇంకా సరిగ్గా అందవు గానీ, కుర్చీ మీదికి ఒక్క గెంతులో ఎక్కుతోంది.

చివరగా మన క్యాంటీన్ వెనక ఉండే బూడిద రంగు పిల్లి సంగతి. దానికి మనలో ఎంతమంది రోజూ పెడుతున్నామో ఎవరికీ తెలీదు. ఇంటర్వెల్‌లో ఎగ్ పఫ్ ముక్క, మధ్యాహ్నం సాంబారన్నం, శెలవుల్లో ఏమీ లేదు. కాలేజీ ఉన్న రోజు విందు, లేని రోజు పస్తు. ఇప్పుడు దాని కడుపు పెద్దదవుతోంది, అది లావో, లోపల పిల్లలో చూడాలి. పిల్లలైతే నా పై లెక్కలేవీ దానికి వర్తించవు, పాలిచ్చే తల్లికి మామూలు కన్నా రెట్టింపు పైనే కావాలి. ఈ పత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను. పెట్టేవాళ్ళు పేరు, ఏం పెట్టారో రాయండి. శెలవుల్లో ఎవరు రాగలరో కూడా రాయండి. లెక్క నేను చూస్తాను, పిసినారి అన్నా పర్వాలేదు.