సూర్యాపేట నుండి మిర్యాలగూడ వఱకు: ఒక ముత్తవ్వ పేరు కొఱకు

గత సంక్రాంతి సెలవులలో మేము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములను చూచి వచ్చితిమి. వివాహమునకు గాని, వైద్యమునకు గాని పోలేదు. మా అత్తవారింటి ముత్తవ్వ పేరేమో తెలిసికొనుటకై పోయితిమి. ఈ మాట విని పొరుగింటివారు నవ్విరి. నవ్విన వారి కొఱకును, నవ్వని వారి కొఱకును ఈ యాత్రావిశేషములను వ్రాయుచున్నాము.

దీనికంతకును మూలము కోదాడలోని యొక బాలిక. ఆమె మా వారి యొద్ద పదవ తరగతి చదివినది. హైదరాబాదులో కాపురమున్న కాలమున ఆమె తలిదండ్రులు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమున చేరిరి. లోకము వీరిని మార్మనులని పిలుచును. 1830లో అమెరికాలో పుట్టిన సంఘమిది. 1978లో సమోవా ద్వీపము నుండి హైదరాబాదు వచ్చిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు తమ బంధువులకు బోధించుటతో తెలుగువారిలో దీనికి చోటు కలిగెను. ఈ సంఘపు యువతీయువకులు కొంతకాలము ఇల్లు విడిచి సేవకు పోవుదురు. మా శిష్యురాలు 18 నెలలు బెంగుళూరులో నుండి వచ్చినది. కుటుంబముల చరిత్ర వ్రాయించుట ఆమెకు ముఖ్యమైన పని.

దీపావళికి మమ్ము చూడవచ్చినప్పుడు ఆ పిల్ల యొక కాగితముపై 15 గడులు గీసి, మొదటి గడిలో మా వారి పేరు వ్రాసి, "తక్కినవి మీరు నింపుడు, అమ్మగారూ" అనెను. నాలుగు తరముల పటమది. తండ్రి, తాతలు, ముత్తాతలు కలిసి ఏడుగురు పురుషుల పేర్లును క్షణములో వ్రాసితిమి. స్త్రీల గడులును ఏడే. వానిలో నాలుగే నిండెను. ఆదిపర్వమునందలి చంద్రవంశపు రాజులను వరుస తప్పక చెప్పగల మాకు, మేము మెట్టిన యింటి ముత్తవ్వ పేరు తెలియదు! మా వారికిని తెలియదు. తర్పణ సమయమున తల్లి, నాయనమ్మల తరువాత ఆమె స్థానము వచ్చినపుడు, పేరు లేక సంబంధము మాత్రమే చెప్పుచున్నారట. అత్తగారు జీవించియుండగా అడుగవలెనని మాకెన్నడును తోచలేదు. ఇప్పుడు చెప్పగలవారు మిర్యాలగూడలోని మా వారి మేనత్తగారొక్కరే. ఆమెకు 88 ఏండ్లు. ఆలస్యము చేయరాదని బయలుదేరితిమి.

మొదటి మజిలీ సూర్యాపేట. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాచబాటపై నున్న ఈ యూరికి భానుపురి యని మఱియొక పేరు. 2016లో నల్లగొండ నుండి విడిపడి జిల్లా కేంద్రమైనది. దీనికి సమీపముననే పిల్లలమఱ్ఱి యున్నది. కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు కట్టించిన శివాలయములచట నున్నవి. నల్లరాతి స్తంభములు అద్దములవలె నున్నగా నున్నవి. మా అమ్మాయి వానిలో తన ముఖము చూచుకొని నవ్వెను. నామిరెడ్డి పేర నామేశ్వరము వెలసినది. ఎఱకేశ్వరమెవరి పేర వెలసినదో యెఱుగుదురా? బేతిరెడ్డి భార్య యగు ఎఱకసాని పేర. 1208లో ఆమెయే ఈ దేవుని ప్రతిష్ఠించెను. ఎనిమిది శతాబ్దములు గడచినను ఆ యిల్లాలి పేరు నిలిచియున్నది. ఆమెకు మాన్యములుండెను, శిల్పులుండిరి. వంటయింటి పొగలో జీవితము గడపిన మా ముత్తవ్వకు శాసనమెవరు వేయింతురు? ఆ ప్రాంగణమున కూర్చుండి చాలసేపు ఈ మాటయే తలపోసితిమి.

మఱునాడు కోదాడ చేరితిమి. ఆంధ్రప్రదేశపు సరిహద్దునకు దగ్గఱి యూరు. పగలనక రాత్రియనక లారీల సందడి. మా శిష్యురాలి యింట ముంగిట ముగ్గు లేదు గాని, మర్యాదకు లోటు లేదు. ఆమె తల్లి సకినాలు పెట్టి ఆదరించెను. సేవాదినములలో నీ దినచర్య యెట్లుండెడిదని అడిగితిమి.

"ఉదయము 6.30కు లేవవలెను, రాత్రి 10.30కు పరుండవలెను. లేచిన పిమ్మట వ్యాయామము, ప్రార్థన, గ్రంథపఠనము. ఎదపై పేరుగల నల్లని బిళ్ల ధరించి బయలుదేరవలెను. ఒంటరిగా ఎక్కడికిని పోరాదు, ఎల్లప్పుడును ఇద్దరముండవలెను. కొన్ని నెలలకు జత మారును. ఒక జతకత్తెకు తెలుగు రాదు, ఆమె భాష నాకు రాదు. వచ్చీరాని ఆంగ్లముతో ఒకరికొకరము వంట నేర్పుకొంటిమి. బట్టలుతుకుకొనుటకును, అంగడికిని వారమునకొక దినముండును. ఆ దినముననే ఇంటికి ఫోను. ఆ వెసులుబాటు 2019లో వచ్చినదట. అంతకు పూర్వము ఏడాదికి రెండుమారులే తల్లి గొంతు వినువారు. జీతము లేదు" అని చెప్పెను.

పేర్లు వ్రాయించుటలో అన్నిటికంటె కష్టమైనదేది యని అడుగగా, ఆ పిల్ల కొంతసేపూరకుండి, "తలుపు మూసికొన్నవారితో కష్టము లేదమ్మా. తలుపు తీసి, కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, 'నాకేమి తెలియును, మా మగవారిని అడుగు' మనెడి ముదుసళ్లతోనే కష్టము. అన్నియు తెలిసినవారు వారే. తమకు తెలియునని వారికే తెలియదు" అనెను. ఈ మాట మా మనస్సున నాటెను.

పేర్లు కూర్చుటకు వారి సంఘము 1894లోనే ఒక సంస్థను స్థాపించినది. 1938 నుండి దేశదేశముల దస్తావేజులను సూక్ష్మచిత్రములుగా తీయించినది. ఆ చుట్టలను ఊటా రాష్ట్రమున ఒక కొండను తొలిచిన గుహలలో భద్రపఱచిరి. హరిద్వారమున పండాలు యాత్రికుల వంశములను వ్రాసి యుంచు వహీలు కూడ వానిలో చేరినవి. వారి పద్ధతిలో మాకు మిక్కిలి నచ్చినదొకటి కలదు. స్త్రీని ఎల్లప్పుడును పుట్టినింటి పేరుతోనే వ్రాయుదురు. మనుగడతో మాసిపోయిన మన యింటిపేరు ఆ పటములో మరల లేచివచ్చును.

మా మనస్సున నొక సందేహముండెను. గతించినవారి పేర వారు తమ దేవాలయములలో బాప్తిస్మము జరుపుదురని వినియుంటిమి. మా పెద్దల పేర్లు అట్టి కార్యమునకు పోవుట మాకు సమ్మతము కాదు. దాపఱికము లేక అడిగితిమి. ఆ పిల్ల చిన్నబుచ్చుకొనలేదు. "గతించినవారికి స్వీకరించుటకును, నిరాకరించుటకును స్వేచ్ఛ కలదని మా విశ్వాసము. అయినను ఎవరి వంశీయుల పేర్లు వారే ఈయవలెనని మాకు నియమము. మీ పేర్లు మీ పుస్తకములోనే వ్రాసికొనుడు. వ్రాసికొన్న చాలును" అనెను. మతము వేఱైనను ఆ మాటలోని నిజాయతీకి సంతోషించితిమి. మా వెంట మిర్యాలగూడకు రమ్మని పిలువగా, తల్లి యనుమతితో వచ్చెను.

కోదాడ నుండి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పోయితిమి. ఇరుప్రక్కల యాసంగి నాట్లు. మోకాలిలోతు బురదలో వంగిన స్త్రీలు వరుసగా వెనుకకు నడచుచుండిరి. 1967లో నాగార్జునసాగరు నీరు కాలువల కెక్కిన తరువాత ఈ నేల రూపమే మాఱినది. మిర్యాలగూడ సమీపించుకొలది బియ్యపు మిల్లుల పొగగొట్టములును, ఊకవాసనయు ఎదురువచ్చినవి.

మేనత్తగారు మమ్ము గుర్తింపలేదు. ఉదయము తినినదేమో ఆమెకు జ్ఞాపకము లేదు. మా వారు మూడుమారులు అడిగినను, "నాకేమి తెలియునురా" అనిరి. అప్పుడా బాలిక మంచము ప్రక్క నేలపై కూర్చుండి, "అమ్మమ్మా, చిన్నప్పుడు నీవెవరి ప్రక్కలో పండుకొనుచుంటివి?" అని అడిగెను.

ముదుసలి కన్నులు తెఱచెను. "మా నాయనమ్మ ప్రక్కలో. ఆమె చేతికి పసుపువాసన" అనెను. ఆపై మాట ఆగలేదు. అప్పుడు కాలువ లేదట, జొన్నన్నమేనట. పంటలు వచ్చినపుడు పిచ్చుకుంట్లవారు వచ్చి రైతుల యిండ్ల ముంగిట గోత్రములును, వంశములును పొగడి ధాన్యము తీసికొనిపోవుచుండిరట. వారినిప్పుడు వంశరాజులందురు. మగవారు అరుగుపై కూర్చుండి విన, ఆడవారు తలుపుచాటున వినుచుండిరట.

"నాయనమ్మను ఏమని పిలిచెడివారు?" అని అడిగెను పిల్ల.

"ఎవరు పిలుతురే? అత్త యని కొందఱు, అవ్వ యని కొందఱు. తాత పేరుపెట్టి పిలువడాయెను. ఒకసారి ఆమె తమ్ముడు పుట్టినింటినుండి బండి కట్టుకొని వచ్చినాడు. వాకిట నిలిచి 'అక్కా' యని పిలిచినాడు. పలుకకపోగా పేరుపెట్టి పిలిచినాడు. నాయనమ్మ లోపలినుండి పరుగెత్తుకొని వచ్చినది. ఆమె పరుగెత్తుట నేను చూచినది అదొక్కసారియే" అని, ఆ పేరు చెప్పెను.

మా వారు ముఖము తిప్పుకొనిరి. మేము పటములో ఆ గడి నింపితిమి. పుట్టినింటిపేరును ఆమెయే చెప్పెను. తన అమ్మమ్మ పేరడుగగా ఆమెకు ఊరు మాత్రమే జ్ఞాపకమున్నది. మా అత్తగారి అమ్మమ్మ సంగతి చెప్పువారే లేరు. ఆ రెండు గడులు నేటికిని ఖాళీయే.

సంక్రాంతినాడు మిర్యాలగూడకు చేరువనున్న వాడపల్లికి పోయితిమి. కృష్ణా మూసీ నదులు కలియుచోటది. అగస్త్యేశ్వరుడును, నృసింహుడును అచట వెలసియున్నారు. మా వారు నీటిలో నిలిచి తర్పణము విడిచిరి. ముత్తవ్వ స్థానము రాగా ఈసారి సంబంధముతో కూడ పేరును పలికిరి. బాలిక తన మతాచారము ననుసరించి దూరముగా మెట్లపై నిలిచియుండెను. తిరిగి వచ్చునపుడు, "పలికినారా?" అని మాత్రమడిగెను.

సోదరీమణులారా, ఈ పని కొఱకు ఏ మతమును మార్చుకొననక్కరలేదు, ఏ దూరదేశమునకును పోనక్కరలేదు. ఒక కాగితముపై 15 గడులు గీయుడు. మీ యింటి ముదుసలి ప్రక్క నేలపై కూర్చుండి, పేరు కాక, ఆమె చిన్ననాటి పక్కను గూర్చి అడుగుడు. చదువుకొన్నవారమని గర్వించు మేమే అత్తగారిని అడుగక రెండు గడులు పోగొట్టుకొంటిమి. మీరట్లు చేయవలదు.