గుమ్మం దగ్గరే ఆగిపోయే చేతికర్ర

న్యూజెర్సీలో ఎండలు మొదలయ్యాయంటే మా ఎడిసన్ పార్కుల్లో సాయంత్రం పూట తెలుగు వినిపిస్తుంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు మెల్లగా నడుస్తుంటారు. నా చూపు ముందు వాళ్ల చేతుల మీదికే పోతుంది. మోకాలు నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకున్నవాళ్లు, భుజం పైకి లేచిపోయేంత పొడుగు కర్రతో అవస్థ పడేవాళ్లు కనబడతారు. కొందరు వాన సూచన లేకపోయినా గొడుగు తెచ్చుకుని దాన్నే ఊతంగా ఆనించుకుంటారు. ఆ గొడుగును చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఊతం కావాలి, కానీ కర్ర పట్టారని నలుగురూ అనుకోకూడదు.

మా అమ్మదీ అదే బాధ. "కర్ర పట్టానంటే ఇక నా పని అయిపోయిందనుకుంటారే" అనేది. ఆమెకు ఎడమ మోకాలు అరిగింది. ఫిజియోథెరపిస్టు ఆమెను అటూ ఇటూ నడిపించి చూసి, కర్రను కుడిచేతికి అందించింది. నొప్పి ఎడమ కాలికైతే కుడిచేతికెందుకని అమ్మ సందేహం. ఎడమ కాలూ కుడిచేతి కర్రా ఒకేసారి నేలకు ఆనితే, ఆ కాలి మీద పడే బరువులో కొంత కర్ర మోస్తుంది, ఒళ్లు పక్కకు ఒరగదు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు వెయ్యాలి. ఇవి నేర్పకుండా కర్ర ఒక్కటే కొనిస్తే అది చేతిలో బరువే.

కొలతకు పెద్ద విద్య అక్కర్లేదు. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో, పిడి అక్కడికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త వంగాలి. ఈ కొలత బూట్లు తొడుక్కుని తీస్తారు. మన ఇళ్లలో బూట్లు గుమ్మం దాటవు కనుక లోపల అదే కర్ర పొడుగైపోతుంది. అసలు చిక్కు అది కూడా కాదు. చెప్పులతోపాటు కర్రా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వీధుల్లో తిరిగినదాన్ని వంటింట్లోకి, దేవుడి గదిలోకి తేవడానికి పెద్దవాళ్లకు మనసొప్పదు. ఇంట్లో గోడలు, కుర్చీలు పట్టుకుని నడుస్తారు. అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్లేదీ అలాగే. వాళ్లు పడిపోతారేమోనని నేను ఎక్కువ భయపడేది అక్కడే. వాళ్ల పట్టింపుతో వాదించకండి. లోపలికొకటి, బయటికొకటి కొనండి. లోపలి కర్రను వట్టి కాళ్లతో కొలవండి. బొత్తాం నొక్కి ఎత్తు మార్చుకునే మామూలు అల్యూమినియం కర్రలు రెండు కొన్నా పెద్ద ఖర్చేం కాదు.

కింద నాలుగు కాళ్లున్న కర్ర చూడటానికి ధైర్యంగా ఉంటుంది, వదిలేసినా నిలబడుతుంది. అయితే నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలకు ఆనాలి. అమ్మ చీర కుచ్చెళ్లు దాని కాళ్లకు తగులుకుంటుంటే వద్దనుకున్నాం. అందుకే దుకాణానికి పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లాలి, రోజూ కట్టే చీరతోనే. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే ఈ సంగతి తెలియదు.

రెండు చేతులా ఆనుకుంటే తప్ప నిలవలేనివారికి వాకరే సరి. చక్రాలు లేనిదైతే అడుగడుగునా ఎత్తి పెట్టాలి. అంత శక్తి లేనివారికి ముందు రెండు చక్రాలున్నది నయం. కొనేముందు మీ బాత్రూమ్ తలుపు వెడల్పు టేపుతో కొలవండి.

నాలుగు చక్రాలు, బ్రేకులు, కూర్చోడానికి సీటు ఉన్న రోలేటర్ మీద మనవాళ్లకు మోజెక్కువ. పోలియో బారిన పడిన ఐనా వీఫాల్క్ అనే స్వీడన్ మహిళ 1978లో దాన్ని రూపొందించారు. నాలుగడుగులకే ఆయాసపడేవారికి అది వరమే. కానీ బరువంతా మోపి నడిచేవారి చేతికిస్తే ముందుకు జారిపోతుంది. వేళ్లలో పట్టు లేనివారు బ్రేకు నొక్కలేరు. కూర్చునే ముందు బ్రేకులు బిగించడం మరచిపోతే మరీ ప్రమాదం. ఖరీదైనది కొనిస్తే ప్రేమ చూపినట్టని పిల్లలు అనుకోవడం నేను చూశాను. దయచేసి అలా ఎంచకండి.

ఇక ఖర్చు సంగతి. విజిటర్ వీసా మీద వచ్చినవారికి మెడికేర్ బీమా వర్తించదు. గ్రీన్‌కార్డు మీద వచ్చినవారైనా 65 ఏళ్లు నిండి, వరుసగా అయిదేళ్లు ఇక్కడ ఉంటేనే అందులో చేరే వీలుంటుంది. చేతి డబ్బు పెట్టేముందు మీ ఊరి సీనియర్ సెంటర్‌లో అడగండి. వాకర్లు ఉచితంగా ఎరువిచ్చే చోట్లు అమెరికాలో చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇండియాలో మన ఊళ్లో ఉండిపోయిన పేద బంధువులుంటే వారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి చెప్పండి. 2017లో మొదలైన ఈ కేంద్ర పథకం కింద 60 దాటిన పేదలకు చేతికర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తారు.

కర్ర కింది రబ్బరు తొడుగును నెలకోసారి తిప్పి చూడండి. గాడులు అరిగి నున్నబడితే తడి నేల మీద జారుతుంది, వెంటనే మార్చాలి. తిరుగు ప్రయాణంలో వీల్‌చైర్ సాయం అడిగాం కదా అని కర్రను సూట్‌కేసులో సర్దేయకండి. సెక్యూరిటీ దగ్గర ఎక్స్‌రేలో పెట్టి తిరిగి ఇచ్చేస్తారు. విమానంలో సీటు నుంచి బాత్రూమ్ దాకా నడవాల్సింది పెద్దవాళ్లే.